‘వర్తించదు’ అని కొట్టిన గడి

“—కట్నం మాట లేకుంటె కేసుకు బలమెక్కడిదమ్మా? జడ్జి సారు మొదటి పేజీకే పక్కకు పెడ్తడు.”

“పెడ్తె పెట్టనియ్యుండ్రి సార్. అడగనిదాన్ని అడిగిండని నేనెట్ల సంతకం పెడ్త?”

“అందరు పెడ్తరు.”

“అందరి మొగళ్ళు అడిగిండ్రేమో. మా ఆయన అడగలే.”

వకీలుకు ఆ ఆడమనిషి ఇచ్చిన జవాబుకు బాలనర్సమ్మ వేళ్ళు కీబోర్డు మీద ఆగాయి. అప్పటికే తెర మీద ‘అదనపు కట్నముగా ఒక లక్ష రూపాయలు మరియు ఒక మోటారు సైకిలు’ దాకా వచ్చింది. ఆ వాక్యానికి ఆమె కాగితం చూడనవసరం లేదు. మెదక్ కోర్టుకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల, రేకుల షెడ్డులో కూర్చుని ఇరవై రెండేళ్ళుగా టైపు కొడుతున్న మనిషి. మొగుడి మీద పెళ్ళాం పెట్టే దరఖాస్తు అంటే చాలు, మోటారు సైకిలు దాకా వేళ్ళు వాటంతటవే నడుస్తాయి. ఆ మోటారు సైకిలు వద్దన్న ఆడమనిషిని చూడడం ఆమెకిదే మొదలు. కుర్చీ కొంచెం పక్కకు తిప్పి చూసింది.

ముప్పై దాటని మనిషి. పేరు స్నేహలత. కుల్చారం దగ్గర ఊరు. భర్త పరమేశ్‌కు సొంత ట్రాక్టరుంది, కిరాయికి తిప్పుతాడు. ఆమె ఇంట్లోనే కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. కూతురు రెండో తరగతి. ఇవన్నీ దరఖాస్తు మొదటి పేరాలోనే ఉన్నాయి. రెండో పేరా దగ్గరే పేచీ వచ్చింది.

వకీలు అమరేందర్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోశాడు.

“సరే, కట్నం లేదు. కొడ్తడా?”

“కొట్టడు.”

“తాగుతడా?”

“పండుగలకు.”

“ఇంకొకామె గిట్ల ఉన్నదా?”

“లేదు సార్.”

“మరి నీకొచ్చిన కష్టమేందమ్మా? గసొంటి మొగుడు దొరికితె మావోళ్ళు పూజ చేస్తరు.”

స్నేహలత జవాబు చెప్పేలోపే రోడ్డవతల బంట్రోతు కేసు పేరు పెట్టి కేకేశాడు. అమరేందర్ నల్లకోటు భుజాన వేసుకుని, “బాలక్కా, నువ్వన్న జర సమజ్ చెయ్యి” అని రోడ్డు దాటిపోయాడు.

బాలనర్సమ్మకు ఒక జబ్బుందని ఆమె భర్త గాలయ్య అందరితో చెబుతుంటాడు. కాగితం కనబడితే చివరిదాకా చదవకుండా ఉండలేదు. టైపు కొట్టేవాళ్ళ కళ్ళు అక్షరాలను చూస్తాయి గానీ సంగతిని చూడవు, చూస్తే పని సాగదు. బాలనర్సమ్మ రెండూ చూస్తుంది. పొలం గట్టు తగాదా టైపు కొడితే ఆ గట్టు ఎటు జరిగిందో ఆమెకు తెలియాలి. రెండేళ్ళ తర్వాత అదే వకీలు కనబడితే, “సార్, ఆ రేగోడ్ బాయి కేసు ఏమాయె?” అని అడుగుతుంది. చాలాసార్లు వకీలుకే గుర్తుండదు.

ఆమె తండ్రి ఎల్లం కోర్టు సమన్లు పట్టుకుని ఊళ్ళు తిరిగిన బంట్రోతు. కూతురు బల్ల ముందు కూర్చుని ఉద్యోగం చెయ్యాలని ఆయన కోరిక. పది పాసయ్యాక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు. తెలుగు లోయరు, ఇంగ్లీషు హయ్యరు, రెండూ ఫస్టుక్లాసులో పాసైంది. ఆమె దరఖాస్తులు పెట్టుకునే కాలానికి సర్కారు కొలువులు తగ్గుతూ వచ్చాయి. ఆ తర్వాత అసలు తీసుకోవడమే మానేశారు. ఎల్లం ఒక పాత మిషను కొనుక్కొచ్చి కోర్టు ముందర టార్పాలిన్ కింద పెట్టి, “ఇదే నీ కొలువు బిడ్డా” అన్నాడు. టార్పాలిన్ పోయి రేకులొచ్చాయి. పక్కనున్న సైకిలు పంక్చర్ల కొట్టు ఎస్టీడీ బూత్ అయింది, తర్వాత సెల్‌ఫోన్ల దుకాణమైంది. బాలనర్సమ్మ జిరాక్సు మిషను పెట్టింది, కంప్యూటరు పెట్టింది. కూర్చున్న చోటు మాత్రం మారలేదు.

ఆ టార్పాలిన్ రోజుల్లోనే, అప్పటికి జూనియరుగా ఉన్న అమరేందర్‌ను ఒకసారి అడిగింది, సివిలుకూ క్రిమినలుకూ తేడా ఏమిటని. “క్రిమినలంటె సర్కారు కొట్లాడ్తది బాలక్కా, మనం సాక్ష్యం చెప్పి ఇంటికి పోవుడే. సివిలంటె కేసు మనది. ఏం కావాల్నో మనమే అడగాలె” అన్నాడతను. అప్పటినుంచీ ఏ కాగితం వచ్చినా ముందు చివరి పేజీ తిప్పి, ఈ మనిషికి ఏం కావాలట అని చూడడం ఆమెకు అలవాటైపోయింది.

ఈ అమ్మాయి కాగితంలో చివరి పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.

“కూసో చెల్లె. చాయ్ తాగుతవా?”

“వద్దక్కా.”

“అయితె నేను తాగుత. నువ్వు చూసుకుంట కూసో.”

స్నేహలత నవ్వలేదు గానీ స్టూలు మీద కూర్చుంది. చాయ్ సగమయింది. ఉన్నట్టుండి స్నేహలత అడిగింది.

“అక్కా, తలుపుకు గొళ్ళెం పెట్టిచ్చుకోవాల్నంటె కోర్టుల అడగొచ్చా?”

బాలనర్సమ్మ గ్లాసు కింద పెట్టింది. ఇన్నేళ్ళలో బావులు అడిగినవాళ్ళను చూసింది, బాటలు అడిగినవాళ్ళను చూసింది, మామిడి చెట్టులో సగం అడిగిన అన్నదమ్ములను చూసింది. గొళ్ళెం అడిగినవాళ్ళను చూడలేదు.

“ఏ తలుపుకు?”

స్నేహలత రోడ్డు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించి చెప్పింది. పోయిన చలికాలంలో గర్భసంచికి ఆపరేషనైంది. మూడు నెలలు దూరంగా ఉండాలని డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఆయన తలూపాడు. ఇరవై రోజులు కూడా ఆగలేదు.

“తిట్టడక్కా. గుంజుకపోడు. నేను వద్దంట. ఆ మాట అననే అననట్టు చేస్తడు. అన్నది చెవులవడనట్టు. అంతకు ముందుగూడ గంతే, నేనే చెప్పుకోలే. ఆపరేషనైనంక నాకు పాణం మీదికొచ్చింది.”

కూతురిని తీసుకుని మిషను ఉన్న అర్రలో పడుకోవడం మొదలుపెట్టిందట. లోపల గొళ్ళెం వేసుకునేది. నాలుగో రోజు అంగడికి పోయి వచ్చేసరికి తలుపుకు గొళ్ళెం లేదు. మరలు ఊడదీసిన నాలుగు బొక్కలున్నాయి. అడిగితే, “నా ఇంట్ల నాకే తలుపు బందా?” అన్నాడట పరమేశ్.

“అప్పటి సంది మిషను జరిపి తలుపుకు అడ్డం పెడ్తున్న. పొద్దుగాల మల్ల ఎనుకకు గుంజుడు. కుట్లు గట్టిగ మానలే, డాక్టరమ్మ బరువు లేపొద్దన్నది.”

“తల్లిగారింటికి పోతె?”

“ఎందుకు పోవాలె? చుట్టు మూడూర్లు నా కాడ కుట్టిచ్చుకుంటరు. బిడ్డ బడి ఆడనే. ఆయన్ను జైలుకు పంపాల్నని గూడ రాలేదక్కా. బిడ్డకు నాయన. నాకు ఆ అర్ర కావాలె. వద్దంటె వద్దే అని ఎవలన్న పెద్దమనిషి కాయితం మీద రాసియ్యాలె. గా కాయితం దొరుకుతదా దొరకదా, ఇంతే నేను అడిగేది.”

బాలనర్సమ్మకు ఇప్పుడు చివరి పేజీ దొరికింది. కానీ దాని ముందు పేజీలు ఎలా కొట్టాలో తెలియలేదు.

గృహహింస చట్టం వచ్చి అయిదేళ్ళవుతోంది. దాని కింద వేసే కేసులకు ఒక ఫారం ఉంది. జరిగిన హింస ఏమిటో గళ్ళ వారీగా నింపాలి. స్త్రీ సంక్షేమం ఆఫీసు వాళ్ళు చేత్తో రాసిచ్చిన వివరాలను బాలనర్సమ్మే టైపు కొట్టి ఇస్తుంది. కంప్యూటర్లో నమూనా ఫైలుంది. తెరిచింది. మొదటి గడి శారీరక హింస. మూడోది మాటలతో, మనసుకు చేసే హింస. తర్వాత కట్నం వేధింపు, తర్వాత డబ్బుకు సంబంధించినది. రెండో గడి పేరు లైంగిక హింస. దాని ఎదురుగా ముద్దక్షరాల్లో ‘వర్తించదు’ అని ఉంది.

ఇంకా స్నేహలత వివరాలు ఒక్కటీ ఎక్కించలేదు. పేరు గడి ఖాళీ. ఊరు గడి ఖాళీ. ఇది మాత్రం ముందే నిండి ఉంది.

మొట్టమొదటి ఫారం కొట్టిన రోజు ఆమెకు గుర్తొచ్చింది. చేతి రాతలో ఆ గడి ఖాళీగా వచ్చింది. ఏం కొట్టాలని అడిగితే ఆఫీసు నుంచి వచ్చిన మనిషి, “గది ఎవలు చెప్తరమ్మా, వర్తించదని కొట్టు” అన్నాడు. కొట్టింది. ఆ ఫైలునే మరో పేరుతో దాచి, పేర్లూ ఊళ్ళూ మార్చి రెండోది కొట్టింది. తర్వాత మూడోది. ఇప్పటికి డెబ్బై దాకా అయ్యుంటాయి. మోటారు సైకిలు మాట వకీళ్ళది. ఈ ‘వర్తించదు’ తనది. ఏ కాగితాన్నయినా చివరిదాకా చదివే మనిషి, ఈ ఒక్క గడి దగ్గర మాత్రం ఎదురుగా కూర్చున్న ఆడమనిషిని ఒక్కసారీ ఏమీ అడగలేదు.

ఖూనీ కేసుల పంచనామాలు పైకి చదివి సరిచూసుకునే బాలనర్సమ్మ, ఆ గడి కింద అచ్చులో ఉన్నది చదవడానికి ముందుకు వంగి గొంతు తగ్గించింది.

“బలవంతపు సంభోగం. అశ్లీల చిత్రాలు బలవంతముగా చూపుట. అవమానపరచు, కించపరచు ఇతర లైంగిక చర్యలు…”

స్నేహలత తెర దగ్గరికి జరిగింది.

“గిది నువ్వు రాసినవా అక్కా?”

“నేనెందుకు రాస్త? సర్కారు ఫారం.”

“అంటె గిట్లయితదని వాళ్ళకు ఎరుకేనా?”

“ఢిల్లీల ఎవలకో ఎరుకయింది. మెదక్‌ల నాకు ఇయ్యాల ఎరుకయింది.”

బాలనర్సమ్మ ఆ ఒక్క మాటనూ చెరిపేసింది. గడి తెల్లగా మిగిలింది.

అమరేందర్ తిరిగొచ్చాక స్నేహలత చెప్పినదంతా బాలనర్సమ్మ అతనికి చెప్పింది. అతను విని, “గిది మొగుడు పెండ్లాల సంగతి బాలక్కా. పోలీసుల కాడ చెల్లదు” అన్నాడు.

“ఎందుకు చెల్లదు?”

“పెండ్లి చేసుకున్నదంటె ఒప్పుకున్నట్టే లెక్క. పాత చట్టం.”

“ఎన్నేండ్లకు ఒప్పుకున్నట్టు?”

“ఎన్నేండ్లేంది, ఉన్నన్ని రోజులు.”

“గడువు లేని కౌలు నేనెన్నడు కొట్టలేదు సార్. మూడేండ్ల కౌలుకే మీరు నాలుగు షరతులు రాపిస్తరు.”

అమరేందర్‌కు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఆగింది. “పోలీసుల కాడ అన్న నేను. ఇది వేరే చట్టం. కేసు మెజిస్ట్రేటు కాడనే గాని, అడిగేదంత సివిలు తీరుగనే ఉంటది, శిక్ష గాదు, ఆర్డరు” అంటూ సంచిలోంచి పుస్తకం తీశాడు. కొన్నప్పటినుంచీ సగం పేజీలు విడదీయనే లేదు. వాటిని కోయడానికి బాలనర్సమ్మ స్కేలు అందించింది. ఇద్దరూ దుకాణంలో బేరం లేని వాళ్ళలా ఆ మధ్యాహ్నమంతా పుస్తకం మీద కూర్చున్నారు. ఆయన ఇంగ్లీషులో చదవడం, ఆమె “అంటె?” అనడం. పందొమ్మిదో సెక్షను దగ్గర ఆయన వేలు ఆగింది.

“ఉన్న ఇంట్లనే, ఆమె ఉండే భాగంలకు ప్రతివాది అడుగు పెట్టకుండ ఆర్డరియ్యొచ్చు. బాలక్కా, గొళ్ళెం సెక్షన్ దొరికింది!”

“ఇగో, ఇంకోటున్నది” అని ఇరవై రెండు చూపించాడు. మనసుకైన బాధకు కూడా నష్టపరిహారం అడగొచ్చు. స్నేహలత తల అడ్డంగా ఊపింది.

“పైసలొద్దు సార్. పైసల కోసమే లొల్లి వెట్టిందంటరు.”

“అనేటోళ్ళు ఎట్లయిన అంటరు. చట్టం ఇస్తున్నది, అడిగితె తప్పులేదు.”

“అడిగితె తప్పని గాదు. నాకు గదొద్దు.”

ఏం కావాలో తనకే తెలిసిన మనిషితో వాదించడం వకీలుకు అలవాటు లేదు. ఆ పేరా తీసేశాడు. రెండో గడిలో ఏం రాయాలో స్నేహలతే చెప్పింది. బాలనర్సమ్మ ఆమె మాటలను కాగితపు భాషలోకి మార్చబోయి, మార్చకుండా ఉన్నవి ఉన్నట్టు కొట్టింది. ‘నేను వద్దని చెప్పినను వినలేదు. ఆపరేషను తరువాత కూడా వినలేదు. గది గొళ్ళెము తీసివేసినాడు.’ మూడే వాక్యాలు.

ఆ ఆదివారం అన్నం తింటుండగా బాలనర్సమ్మ గాలయ్యను అడిగింది.

“నువ్వు నన్ను ఎన్నడన్న అడిగినవా?”

“ఏమడగాలె?”

“ఏమో, తీ.”

గాలయ్య చక్కెర ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు బాయిలరు దగ్గర పనిచేసిన మనిషి. మాటలు ఆలస్యంగా అందుతాయి. చెయ్యి కడుక్కుని వచ్చి, గోడకానుకుని, “నువ్వు చెప్పకుంటె నాకెట్ల ఎరుకయితదే?” అన్నాడు. ఏ సంగతి అనుకుని అన్నాడో ఆమెకు తేలలేదు.

తర్వాత ఆఫీసు నుంచి వచ్చిన ఫారాల్లో ఆ గడి ఖాళీగానే ఉంచి, ఎదురుగా ఉన్నవాళ్ళను అడగడం మొదలుపెట్టింది. ఒకామె, “సిగ్గు లేదా నీకు, గివన్ని అడుగుతరా?” అని తిట్టింది. ఒకామె నవ్వి నవ్వి కొంగు నోట్లో పెట్టుకుంది. పాపన్నపేట నుంచి వచ్చిన ఒక ముసలామె మాత్రం, “దాంట్ల ఏమేం వస్తయో మల్లొకపారి చదువు బిడ్డా” అంది. చదివింది. ముసలామె విని, ఏమీ చెప్పకుండా వేలిముద్ర వేసి పోయింది. ఏం అనుకుని పోయిందో తెలుసుకోవాలని బాలనర్సమ్మకు చాలా రోజులు మనసు పీకింది.

స్నేహలత కేసు నంబరైంది. పరమేశ్‌కు నోటీసు పోయింది. మొదటి వాయిదాకు అతను రాలేదు. రెండోదానికి వచ్చి గడువడిగాడు. మూడో వాయిదా సెప్టెంబరు చివర్లో పడింది. అప్పటికి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై రెండు వారాలు. బస్సుల్లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. వకీళ్ళు కోర్టు బహిష్కరించి గేటు ముందరే టెంటు వేసుకుని కూర్చున్నారు. జడ్జి వస్తున్నాడు, కేసులు పిలుస్తున్నారు, వకీళ్ళు లోపలికి పోకపోతే వాయిదా వేస్తున్నారు. సమ్మె కరపత్రాలన్నీ బాలనర్సమ్మ దుకాణంలోనే అచ్చవుతున్నాయి. ఆమె టేబులు మీద కూడా తెలంగాణ బిళ్ళ ఉంది.

ఆ పొద్దున షేరాటోలు పట్టుకుని ముందు స్నేహలత వచ్చింది. వాయిదా పడుతుందని తెలిసినా వచ్చింది. ఆమె వెనకే ట్రాక్టరు మీద పరమేశ్, అతని తల్లి సిద్దమ్మ దిగారు. బాలనర్సమ్మ ఇన్నాళ్ళూ కాగితం మీదే చూసిన ప్రతివాదిని అప్పుడు కళ్ళారా చూసింది. ఇస్త్రీ చొక్కా, తల దించుకుని మాట్లాడే మనిషి. ఎవరో మోటు మనిషి వస్తాడనుకున్న ఆమెకు ఇతన్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

“నమస్తె అక్కా. ఒక రాజీ కాయితం కొట్టాలె” అన్నాడు. “ఆమె అడిగినయన్ని ఇస్త. ఆ అర్ర ఆమెదే. గొళ్ళెం నేనే తెచ్చి బిగిస్త. నెలకు ఇంత అని బిడ్డ పేర్న వేస్త. ఆ రెండో గడి ఒక్కటి తీసెయ్యుండ్రి.”

“మా కాలంల గొళ్ళేలే లేకుండె” అంది సిద్దమ్మ. “అయిన కాపురాలు చెయ్యలేదా మేము? గింతదానికి కోర్టులకు గుంజుతరా మొగోన్ని? దాంట్ల ఏం రాసినవమ్మా నువ్వు, వీడు మొగం ఎత్తుత లేడు?”

సిద్దమ్మకు చదువు రాదు. బాలనర్సమ్మ స్నేహలత వైపు చూసింది. ఆమె తలూపింది. బాలనర్సమ్మ లేచి ఆ మూడు వాక్యాలూ ముసలామె చెవి దగ్గర చదివింది. సిద్దమ్మ విన్నది. కొడుకు వైపు చూడలేదు, కోడలి వైపూ చూడలేదు. “చెప్పులు తెగినయి, కుట్టిచ్చుకస్త” అని బయటికి నడిచింది. చెప్పులు బాగానే ఉన్నాయి.

అమరేందర్ టెంటులోంచి రోడ్డు దాటి వచ్చాడు, మెడలో గులాబీ కండువా. “నేను బహిష్కరణల ఉన్న. వకీలుగ మాట్లాడ్త లే, ఎరికున్న మనిషిగ చెప్తున్న” అన్నాడు. “మంచి రాజీ అమ్మా ఇది. కొట్లాడి గెలిచిన గిదే వస్తది. సమ్మె ఎన్నడు అయిపోతదో, కేసు ఎన్నడు తెగుతదో. గడి పోతె పోనియ్యి, అర్ర వస్తున్నది గద.”

స్నేహలత స్టూలు మీద కూర్చుంది. బాలనర్సమ్మ కొత్త ఫైలు తెరిచి మొదలుపెట్టింది. ‘ఉభయులు పెద్దల సమక్షమున రాజీపడినందున…’ నాలుగో వాక్యం దగ్గర ఆగింది.

“సార్, రాజీ మీద జడ్జి సారు ఆర్డరిస్తడు గద. దాంట్ల ఏమని ఉంటది?”

“ప్రతివాది ఇకముందు హింసకు పాల్పడరాదని.”

“ఏ హింసకు?”

“పిటిషన్ల చెప్పిన హింసకు.”

“పిటిషన్ల కెళ్ళి రెండో గడి తీస్తె ఇంకేం మిగుల్తది? తిట్టొద్దు, కొట్టొద్దు. ఆయన తిట్టడు, కొట్టడు. రేపు ఆమె వద్దన్నంక వినకుంటె, ఆర్డరు తప్పినట్టా, తప్పనట్టా?”

అమరేందర్ కండువా కొసతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తుడిచి పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచాడు.

“తప్పనట్టే” అన్నాడు.

“అట్ల కేసులు మల్లెందుకు అయితయి అక్కా?” అన్నాడు పరమేశ్. “నేను మారిన అంటున్న గద. ఆ కాయితం ఎవలన్న చదివితె ఊర్ల నా ట్రాక్టరు ఎవలు పిలుస్తరు? ఆమె కాడికి బట్టలు కుట్టనీకి ఎవలొస్తరు? ఆమె మంచికే చెప్తున్న.”

స్నేహలత అతని వైపు తిరిగింది. ఆ పొద్దున అతనితో మాట్లాడడం అదే మొదలు.

“గడిల రాసింది అబద్ధమా?”

“అబద్ధమని నేనన్ననా? రాసుడెందుకంటున్న.”

“జడ్జి సారు ముంగట గూడ గిదే చెప్తవా?”

పరమేశ్ ట్రాక్టరు తాళంచెవి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “నువ్వు వాపస్ తీస్కుంటె నాకు జడ్జి సారు తోటి పనేమున్నది?” అన్నాడు, మెల్లగా, బతిమాలినట్టే.

టెంటులో నినాదాలు మొదలయ్యాయి. ఆ చప్పుడులో స్నేహలత బాలనర్సమ్మ దగ్గరికి వంగి అడిగింది. “లోపట అందరి ముంగట చెప్పాల్నా అక్కా?”

“అడిగితె తలుపులు మూసి ఇంటరు. చట్టంల ఉన్నది. మీరిద్దరు, జడ్జి సారు, రాసుకునేటాయన. గంతే.”

“వకీలు లేకుంటె?”

బాలనర్సమ్మ అమరేందర్ వైపు చూసింది. అతను టెంటు వైపు చూశాడు, కోర్టు మెట్ల వైపు చూశాడు.

“మనిషి తన కేసు తను చెప్పుకోవచ్చమ్మా. దానికి అడ్డం లేదు” అన్నాడు. “నేను లోపటికి రాలేను. మావోళ్ళు నిన్ను ఆపకుండ చూసుకుంట.”

“తప్పు చెప్తె?”

“జరిగింది చెప్పనీకి తప్పేముంటది? నువ్వు రాపిచ్చినయి మూడు మాటలు. గా మూడే చెప్పు.”

తెర మీద నాలుగో వాక్యం సగంలో ఉంది. బాలనర్సమ్మ వేళ్ళు కీల మీదే ఉన్నాయి, ఎటు చెబితే అటు కదలడానికి. ఈ కాగితం చివరి పేజీలో ఏముంటుందో ఆమెకు నిజంగానే తెలియదు. పరమేశ్ సంతకానికి జేబులోంచి పెన్ను తీసి పట్టుకున్నాడు. రోడ్డవతల గేటు దగ్గర బంట్రోతు నినాదాల మీదుగా గొంతు పెంచి స్నేహలత పేరు పిలిచాడు.

స్నేహలత స్టూలు మీంచి లేచింది.

“గా రాజీ కాయితం నాకొద్దక్కా, బంద్ చెయ్యి. వకీలు లేకున్న మంచిదే, నేనొక్కదాన్నే లోపటికి పోయి జడ్జి సారుకు నా నోటితోని చెప్త.”